చిన్న సంకేతము, నిండు వాక్యము



మన యిండ్లలోని పాత యుత్తరముల కట్టను విప్పి చూచినచో, మొదటి పంక్తిలోనే కొన్ని పొడి యక్షరములు కనబడును. "మ.రా.రా.శ్రీ" అని యుండును, పెద్దలు దానిని మహారాజరాజశ్రీ యని చదువుకొందురు. "చి." అనగా చిరంజీవి. "చి.ల.సౌ." అనగా చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. కరణముగారి లెక్కలు చూడుడు. సర్వే నెంబరునకు "స.నెం.", యకరములకు "య.", సెంట్లకు "సెం.", తాలూకాకు "తా.", జిల్లాకు "జి.". వ్రాసిన మాటనే దినమునకు నూరుసార్లు వ్రాయువానికి చేయి నొవ్వకుండుటకును, కాగితము కలిసివచ్చుటకును మనవారు ఏర్పరచుకొన్న యుపాయ మిది.

ఈ యుపాయమే నేడు కంప్యూటరులోనికి వచ్చినది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయము చెంతనున్న దస్తావేజు లేఖరియు, కలెక్టరు కచేరీ యెదుట అర్జీలు టైపు చేయు యువకుడును రెండు మూడు అక్షరములు కొట్టి ఒక మీట నొక్కగనే, పూర్తి వాక్యము తెరపై నిలుచుట మీలో కొందరు చూచియే యుందురు. అది యెట్లు జరుగును, దానివలన లాభ మెంత, మనము కనిపెట్టియుండవలసిన దేమి యను మూడు సంగతులను నేడు మనవి చేసెదను. కొట్టెడి పొడి యక్షరములను "సంకేతము" అనియు, దానికి బదులుగా వచ్చు పెద్ద వ్రాతను "పూర్తిపాఠము" అనియు పిలిచెదను.

సంకేతములు పనికివచ్చుటకు ఏ నియమము కావలెనో విశాఖపట్నము రేవులో కన్నులార చూడవచ్చును. డాల్ఫిన్ నోసు కొండ నీడను ఈ రేవునకు 1933 అక్టోబరు 7వ తేదీన "జలదుర్గ" యను నౌక మొదట వచ్చినది. రేవు దారి యెరిగిన పైలటు పెద్ద యోడలపైకి ఎక్కి వానిని లోనికి నడిపించును. పైలటు ఎక్కిన యోడ ఒక జెండా నెత్తును. కొయ్యవైపు సగము తెలుపు, ఆవలి సగము ఎరుపు. ఆ గుడ్డముక్క "నా యోడపై పైలటు ఉన్నాడు" అను నిండు వాక్యమునకు సంకేతము. పచ్చని జెండా యొక్కటి యెత్తినచో "మా యోడలో అందరు ఆరోగ్యముగ నున్నారు, రేవులోనికి అనుమతి నిండు" అని యర్థము.

ఈ పద్ధతికి మూలమైన సంకేత గ్రంథమును ఆంగ్ల ప్రభుత్వ వాణిజ్య శాఖ 1857లో ప్రకటించినది. పదునెనిమిది జెండాలను మార్చి మార్చి కూర్చి, డెబ్బదివేలకు మించిన సందేశములను తెలుపుటకు అందులో వీలు కల్పించిరి. అంతర్జాతీయముగ సవరింపబడిన గ్రంథము 1965లో అంగీకరింపబడి, 1969 ఏప్రిలు 1వ తేదీనుండి తొమ్మిది భాషలలో అమలునకు వచ్చినది. జపాను నావికు డెత్తిన జెండాను గ్రీసు దేశపు నావికుడు తన భాషలో చదువుకొనును. ఏల? ఇద్దరియొద్దను ఒకే గ్రంథ మున్నది గనుక.

అట్లయినను ఒక చిక్కు గలదు. పసుపు, నీలము చారలు నిలువుగ నున్న జెండా యొకటి యున్నది. దానిని సరకుల యోడ యెత్తినచో "నాకు పైలటు కావలెను" అని యర్థము. వేట జరుగుచున్న చోట చేపల పడవ దానినే యెత్తినచో "వల లాగుచున్నాను" అని యర్థము. జెండా యొకటే, వాక్యములు రెండు. ఎత్తినవా డెవడో, ఏ చోట నున్నాడో చూచుకొన్నగాని అర్థము తేలదు. సంకేతమును నమ్మి పని చేయువారందరును ఈ సంగతిని జ్ఞప్తియం దుంచుకొనవలెను.

తంతి తపాలా కార్యాలయములలో శుభాకాంక్షల పట్టిక యొకటి గోడకు వ్రేలాడుచుండుట మీకు జ్ఞాపకముండును. పెండ్లికి వెళ్ళలేని బంధువు తన యాశీర్వచనమునకు సరిపడు వాక్యమును పట్టికలో చూచి, దాని యంకె మాత్రము ఫారముపై వ్రాసెడివాడు. తంతిపై పోవునది యంకె. ఆవలి యూర పెండ్లి పందిటిలో చదువబడునది పూర్తి వాక్యము. మన దేశమున తంతి వార్తల సేవ 2013 జూలై నెలలో నిలిచిపోయినది. అందలి యుపాయము మాత్రము నిలిచియే యున్నది.

ఇక కంప్యూటరు చేయు పనిని చూతము. వర్డ్ అను వ్రాతపని సాధనములో "ఆటో కరెక్ట్" అను పట్టిక గలదు. ఫైలు, ఆప్షన్స్, ప్రూఫింగ్ అను మెట్లు దిగి దానిని చేరవచ్చును. అందు రెండు గడు లుండును. మొదటి గడిలో సంకేతమును, రెండవ గడిలో పూర్తిపాఠమును వ్రాసి చేర్చవలెను. అటుపిమ్మట ఆ సంకేతమును కొట్టి, మాటకు మాటకు నడుమ ఎడము నిచ్చు మీటను నొక్కగనే యంత్రము సంకేతమును తుడిచి పూర్తిపాఠమును నిలుపును. ఈ యేర్పాటు వర్డ్ సాధనములో 1993 నుండి యున్నది.

ఉచితముగ దొరకు లిబ్రె ఆఫీసు రైటరులో "ఆటో టెక్స్ట్" అను వేరొక విధము గలదు. ఇందు సంకేతమును కొట్టి, ఎఫ్ 3 అను మీటను నొక్కినప్పుడే పూర్తిపాఠము వచ్చును. నొక్కనిచో సంకేతము సంకేతముగనే యుండును. వర్డులోను ఇట్టిది కలదు. చేతి ఫోనులలో "పర్సనల్ డిక్షనరీ" యను భాగమున సంకేతమును చేర్చుకొన్నచో, దానిని కొట్టినంతనే మీటల పైభాగమున పూర్తిపాఠము చూపబడును. వ్రేలితో తాకినగాని వ్రాతలోనికి దిగదు.

కావున ఇవి రెండు తెగలు. ఒకటి మన యాజ్ఞకై వేచియుండునది. రెండవది అడుగకయే మార్చునది. ఉత్తరములకు, ఇంటి వ్రాతలకు ఏదైనను సరిపోవును. ఆస్తి పత్రములకు మాత్రము ఆజ్ఞకై వేచియుండు తెగయే మేలు.

లాభ మెంతయో లెక్క చూతము. తెలుగున ఒత్తులు, గుణింతములు వేరు వేరు మీటలుగ కొట్టవలసియుండుటచే మనకు శ్రమ హెచ్చు. ప్రభుత్వ కార్యాలయములలో వాడుకనున్న ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో "స్ట్రే" అను ఒక్క యక్షరమునకు ఆరు మీటలు కావలెను: స, పొల్లు, ట, పొల్లు, ర, ఏత్వము. "ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, విశాఖపట్నం జిల్లా, పెదగంట్యాడ మండలము" అను పంక్తిని ఎడములతోను కామాలతోను లెక్కించితిమా, అరువదియొక్క మీటలు. దినమునకు ఇరువది పత్రములలో ఈ పంక్తిని కొట్టువాడు 1,220 మార్లు వ్రేళ్ళు ఆడింపవలెను. దీనికి మూడు మీటల సంకేత మేర్పరచి నాలుగవదిగ ఎఫ్ 3 నొక్కినచో ఎనుబది మార్లతో పని తీరును. ఇది ఒక్క పంక్తి లెక్కయే. "నా స్వార్జితమై, నా స్వాధీనానుభవములో నుండి" యని సాగు దస్తావేజు పాఠములను తలచుకొన్నచో లాభము నూరంతలగును. మీటలు తగ్గినకొలది అక్షర దోషములును తగ్గును. ఒకసారి సరిగ వ్రాసిన పాఠము ప్రతిసారియు సరిగనే వచ్చును.

తెలుగు వ్రాయువారు తెలియవలసిన మెళకువ యొకటి గలదు. మన విభక్తులు మాటకు అంటుకొని యుండును. "విప" యనునది విశాఖపట్నమునకు సంకేత మనుకొందము. అడుగకయే మార్చు పట్టిక మాట మొత్తమును పోల్చి చూచును గనుక, "విపలో" యని కొట్టినచో దానిని గుర్తింపదు. ఎఫ్ 3 పద్ధతిలోనైనచో "విప" కొట్టి, మీట నొక్కి, పేరు పూర్తిగా వచ్చిన పిదప "లో" యనియో "కు" అనియో తగిలించుకొనవచ్చును.

మరియొక మెళకువ. సంకేతముగ నుంచు కూర్పు వాడుకలో నున్న మాట గాని, మనుష్యుల పేరు గాని కారాదు. విశాఖపట్నములో సీతమ్మధార మండల మున్నది. ఒకడు శ్రమ తగ్గునని "సీత" యను సంకేతమును దానికి పెట్టుకొనెననుడు. మరునాడు సీత యను నామె విక్రయ పత్రము వ్రాయించుకొన వచ్చును. పేరు కొట్టి ఎడమిచ్చినంతనే "సీతమ్మధార మండలము కుమార్తె" యని తెరపై నిలుచును! ఇట్టిది కంటబడినచో నవ్వి, కంట్రోల్, జెడ్ మీటలను కలిపి నొక్కిన మార్పు తొలగిపోవును. కంటబడనిచో నవ్వులాట కాదు. అందుచే "సీధమ" వంటి, ఏ మాటయు కాని కూర్పును ఎన్నుకొనవలెను. చేపల పడవ జెండాయు, సరకుల యోడ జెండాయు ఒకటియైన చిక్కు ఇదియే.

ఇప్పుడు ముఖ్యమైన విషయమునకు వత్తును. పాత యుత్తరములోని "చి.ల.సౌ." అను పొడి యక్షరములను విడదీసి చదువుకొన్నవాడు చదువరి. సంకేతము కాగితముపైననే యుండెను. అర్థము చేసికొను భారము అతని కన్నులమీద నుండెను. కంప్యూటరు పద్ధతిలో సంకేతము కాగితముపైకి రాదు. వ్రాసినవాడు చూచినది మూడక్షరములు. మీ చేతికి వచ్చునది ముప్పది పంక్తులు. ఆ ముప్పది పంక్తులను నేడు మీకొరకు ఎవరును వ్రాయలేదు. ఎన్నడో, ఎవరికొరకో వ్రాసియుంచినవి నేడు మరల వచ్చినవి. అచ్చు అందముగ నున్నది గనుక వ్రాతయు సరిగనే యుండునని మనము నమ్ముదుము. లాభమును అపాయమును ఒక్కచోటనే యున్నవి.

లోకము మారినను సంకేతము మారదు. 2022 ఏప్రిలు 4వ తేదీన మన రాష్ట్రములోని జిల్లాలు పునర్విభజింపబడినవి. అంతవరకు విశాఖపట్నం జిల్లాలో నున్న చోడవరము, నర్సీపట్నము, యలమంచిలి ప్రాంతములు అనకాపల్లి జిల్లాలో చేరినవి. పాడేరు, అరకు ప్రాంతములు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. అంతకుముందు సంకేతములు కూర్చుకొన్న లేఖరి యంత్రములో చోడవరమునకు పూర్తిపాఠము "విశాఖపట్నం జిల్లా" యనియే యుండును. యంత్రమునకు గెజిట్టు చదువు పని లేదు. ఎవరో ఒకరు పట్టిక తెరచి సవరింపవలెను. ఆ సవరణయైనను ముందు వచ్చు పత్రములకే గాని, అప్పటికే వ్రాసి ముగించినవానికి వర్తింపదు.

ఇంతకంటె పెద్ద హాని సరిహద్దులయందు గలదు. ఊహకు ఒక రైతును తీసికొందము. అతడు ఎనుబది సెంట్ల పల్లపు భూమిని కొనుచున్నాడు. లేఖరి అంతకుముందు దినము అదే గ్రామములో వేరొకరికి పత్రము వ్రాసెను. ఆ షెడ్యూలు బాగుగ కుదిరినదని దానిని సంకేతముగ భద్రపరచెను. నేడు మూడక్షరములు కొట్టి దానిని రప్పించి సర్వే నెంబరు మార్చెను, విస్తీర్ణము మార్చెను, తూర్పు, దక్షిణము, పడమర మార్చెను. ఉత్తరము మార్చుట మరచెను. రైతు కండ్లద్దములు ఇంటివద్ద మరచి వచ్చెను. అమ్మినవాడు తొందరలో నున్నాడు. సాక్షులు సంతకము చేసిరి. పత్రము రిజిస్టరైనది.

పదియేండ్ల పిదప కుమారుడు పంపిణీకై పత్రమును తీయును. ఉత్తరపు సరిహద్దు ఆ చేనికి తగులనే తగులదు! అప్పుడు సవరణ దస్తావేజు కావలెను. దానికి అమ్మినవాడును కొన్నవాడును ఇరువురు కలిసి రావలెను. అమ్మినవాడు కాలముచేసియున్నచో అతని వారసులందరిని వెదకి సమ్మతింపజేయవలెను. వారు రామనినచో న్యాయస్థానమున దావా వేయవలెను. ఉభయుల పొరపాటువలన పత్రములో తప్పు పడినప్పుడు దిద్దించుకొనుటకు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము 26వ విభాగములో మార్గ మున్నమాట నిజమే. కాని దానికి పట్టు కాలమును, కర్చును, ఇరుగుపొరుగుల నడుమ పెరుగు వైరమును తలచుకొనుడు. లేఖరికి మిగిలినది పది నిమిషములు. రైతు కుటుంబమునకు పోయినవి కొన్ని సంవత్సరములు.

కనుక, మారని మాటలకే సంకేత ముండవలెను. మారు మాటలకు ఉండరాదు. మర్యాద వాక్యములు, చట్టపు పదములు, మండలము పేరు సంకేతములో నుండవచ్చును. మనుష్యుల పేర్లు, సర్వే నెంబర్లు, విస్తీర్ణము, పైకము, నాలుగు సరిహద్దులు ఎన్నడును ఉండరాదు. మంచి లేఖరి పూర్తిపాఠములో ఆ చోటుల చుక్కలు పెట్టియుంచును. చుక్కలు మిగిలిపోయినచో కంటికి కొట్టవచ్చినట్లు కనబడును. తప్పు పేరు మిగిలిపోయినచో ఒప్పువలెనే కనబడును.

అర్జీల విషయములోను ఒక మాట చెప్పవలసియున్నది. విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1వ తేదీన అది జాతికి అంకితమైనది. దానికై భూములు కోల్పోయిన నిర్వాసిత కుటుంబములు ఉద్యోగములకై, నివేశన స్థలములకై ఏండ్ల తరబడి అర్జీలు పెట్టుకొనుచు వచ్చినవి. ఇట్టి యర్జీలలో మొదటి సగము అందరిదియు ఒక్కటే యగుట సహజము: ఫలాని గ్రామము, ఫలాని యేట భూమి తీసికొనబడినది, ఇప్పటివరకు న్యాయము జరుగలేదు. అంతవరకు సంకేతముతో వ్రాయించుట తప్పు గాదు. కాని అర్జీ యంతయు అట్లే నడచినచో, అధికారి ముందు నూరు కాగితములు ఒకే కాగితమువలె నుండును. తండ్రి పేర నున్న కార్డు కుమారుని పేరునకు మారకపోవుట యొకని కష్టము. కొలతలో పది సెంట్లు తగ్గుట వేరొకని కష్టము. ఆ కష్టము ఏ సంకేతములోను లేదు. దానిని తన మాటలలో తానే చెప్పి వ్రాయించుకొనవలెను.

గ్రామములలో కాగితము చదువుటకు మీయొద్దకే పదుగురు వత్తురు. కావున మీరు పాటింపదగిన పద్ధతిని మనవి చేయుచున్నాను. పత్రము అచ్చు కాకముందే తెరపైననో, చిత్తుప్రతిపైననో మొదటినుండి కడవరకు బిగ్గరగ చదివింపుడు. పాత లింకు దస్తావేజును ప్రక్కన నుంచుకొని, నాలుగు దిక్కులను ఒక్కొక్కటిగ వ్రేలు పెట్టి పోల్చుడు. అంకెలలోను అక్షరములలోను పైకము ఒకటిగ నున్నదా చూడుడు. జిల్లా, మండలము పేర్లు నేటివా, నాటివా యని యడుగుడు. లేఖరి విసుగుకొన్నను మీరు విసుగుకొనవలదు.

మీ యింటి పిల్లలు కంప్యూటరుతో పని చేయువారైనచో, తమ సంకేతములను పూర్తిపాఠములతో సహా ఒక చిన్న పుస్తకములో చేతితో వ్రాసియుంచుకొనుమని చెప్పుడు. యంత్రము చెడినను, వేరొక యంత్రముపై కూర్చుండవలసివచ్చినను ఆ పుస్తకము పనికివచ్చును. ఉగాదికి పంచాంగము మార్చునప్పుడు ఆ పుస్తకమును కూడ తిరుగవేసి, చెల్లనివానిని కొట్టివేసి, మారినవానిని దిద్దుకొనుట మంచి అలవాటు. ఓడ యధికారులు జెండాల గ్రంథమును దగ్గర నుంచుకొనుట యిందులకే.

చేతి శ్రమ తగ్గించుకొనుట తప్పు కాదు. మన కరణములును, తంతి గుమాస్తాలును, నావికులును చేసినదే యది. కాని చేతికి తగ్గిన పనిలో కొంత కంటికి అప్పగింపవలెను. మిగిలిన పది నిమిషములలో రెండు నిమిషములు చదువుటకు ఖర్చు చేసినను, ఎనిమిది నిమిషములు లాభమే. ఆ రెండు నిమిషములును చదివినవాడు తన కుమారునికి చేనిని, చేనితోపాటు నిశ్చింతను ఇచ్చిపోవును.